దాసుని స్వారాజ్యము: శ్రీ రామానుజుల జీవితము

మన ఉపనిషత్తులు మానవునకు చేసిన వాగ్దానములు సామాన్యమైనవి కావు. ఆత్మను పాపమంటదనియు, ముదిమియు మరణమును దానికి లేవనియు, శోకమును ఆకలిదప్పులును దానిని సోకవనియు, దాని కోరికలును సంకల్పములును సత్యములనియు ఛాందోగ్యము ఎనిమిది గుణములను లెక్కించి చెప్పుచున్నది. అట్టి తత్త్వము నెరిగినవాడు తనకు తానే రాజగునని, సర్వలోకములయందు స్వేచ్ఛగా సంచరించునని ఆ ఉపనిషత్తే మరియొకచోట పలుకుచున్నది. ముండకము ఇంకను ముందునకు పోయి, జ్ఞాని నిర్మలుడై పరమపురుషునితో పరమసామ్యము నొందునని ప్రకటించినది. ఏ ఆస్థానకవియు ఏ చక్రవర్తిని ఇంతగా కొనియాడి యుండడు.

ఇక రెండవ వంక చూడుడు. ఆ ఉపనిషత్తులనే ప్రమాణముగా గ్రహించిన భక్తిమార్గము మానవుని తల వంచుమనుచున్నది. భగవంతునకు దాసుడవు కమ్మనుటతో తృప్తి పడక, ఆయన దాసులకు దాసుడవు కమ్మని, ఆ దాసుల దాసులకును దాసుడవు కమ్మని మెట్టు వెంట మెట్టు క్రిందికి దింపుచున్నది. సేవ కుక్కబ్రతుకనియు, పరాధీనమైనదెల్ల దుఃఖమనియు చెప్పిన మనుస్మృతియు మనకు శాస్త్రమే గదా! ఇందులో ఏది గ్రాహ్యము? స్వారాజ్యము పొందదగినవాడు దాస్యము నేల కోరవలెను? దాస్యమే పరమార్థమైనచో ఆ వాగ్దానములన్నియు దేనికి?

ఈ ప్రశ్నను పండితసభలో మాత్రమే కాక వంటయింట, నదీతీరమున, కొండదారిలో సైతము ఎదుర్కొన్న మహాపురుషులు శ్రీ రామానుజాచార్యులు. విశిష్టాద్వైత ప్రతిష్ఠాపకులుగా వారిని లోకమెల్ల ఎరుగును. వారి జీవితమును ఈ ప్రశ్నకు వ్యాఖ్యానముగా చదువుట ఇచటి ఉద్దేశము. గురుపరంపరా గ్రంథములు చెప్పు కథలన్నియు చరిత్రకారుని పరీక్షకు నిలుచునని చెప్పలేము. అయినను ఒక సంప్రదాయము తొమ్మిది వందల యేండ్లుగా ఏ కథలను ప్రాణప్రదముగా కాపాడుకొన్నదో, ఆ కథలయందే దాని హృదయము కానవచ్చును.

కంచి విద్యార్థి

రామానుజులు 1017వ సంవత్సరమున శ్రీపెరుంబూదూరునందు ఆసూరి కేశవ సోమయాజికిని కాంతిమతీదేవికిని జన్మించిరని, 1137లో పరమపదించిరని సంప్రదాయము. ఆ లెక్కన వారి ఆయుర్దాయము 120 సంవత్సరములు. ఆధునిక పరిశోధకులలో కొందరు ఇంతటి దీర్ఘాయువును సందేహించి, వారి జననము మరికొన్ని దశాబ్దముల తరువాత జరిగియుండునని తలంచిరి.

వేదాంతవిద్యకై యువకుడైన రామానుజులు కంచియందు యాదవప్రకాశులను ఆశ్రయించిరి. ఆ గురువు ఒకనాడు పరమపురుషుని కన్నులను వర్ణించు ఛాందోగ్యవాక్యమునకు కోతి పృష్ఠభాగము ఉపమానమని అర్థము చెప్పిరి. తైలమర్దనము చేయుచున్న శిష్యుని కన్నుల నుండి వేడి బాష్పములు జారి గురువు తొడపై పడినవి. సూర్యకిరణములచే వికసించిన తామర యని ఆ పదమునకే అర్థము చెప్పవచ్చునని శిష్యుడు వినయము తప్పకయే నిరూపించెను. ఇట్టి వాదములు పెరిగిన కొలది గురువు మనస్సు విరిగినది. కాశీయాత్ర నెపమున శిష్యుని అడవిదారిలో కడతేర్పవలెనను ఆలోచన కూడ జరిగినదట. పినతల్లి కుమారుడైన గోవిందుడు రహస్యముగా హెచ్చరింపగా రామానుజులు తప్పించుకొని, ఒక బోయదంపతుల తోడున కంచి చేరిరని కథ.

గురువునే మించిన శిష్యుడు అను కీర్తి అప్పటికే ఊరంతయు ప్రాకినది. అట్టివాడు వేరొక పాఠశాల పెట్టుకొని యుండిన ఎవరును తప్పు పట్టరు. కాని రామానుజులు కాంచీపూర్ణుల కడకు పోయి, తాను చేయదగిన పని యేదియని అడిగిరి. వరదరాజస్వామి తిరుమంజనమునకు శాలకూపము నుండి దినదినము నీరు మోయుమని ఆయన చెప్పిరి. ఉపనిషద్వాక్యమునకు సరియైన అర్థము నిలిపిన పండితుడు భుజమున కడవ నెత్తుకొని నడచెను.

కాంచీపూర్ణులు బ్రాహ్మణులు కారు, వైశ్యకులజులు. స్వామికి వింజామర వీచు సేవ వారిది. ఆయన భుజించిన పిదప మిగిలిన అన్నమును ప్రసాదముగా స్వీకరింపవలెనని రామానుజులు ఆశించి, ఆయనను విందునకు పిలిచిరి. ఈ కోరిక నెరిగిన కాంచీపూర్ణులు, రామానుజులు ఎదురేగిన దారిని తప్పించుకొని వేరొక వీధిని ఇంటికి వచ్చి, త్వరత్వరగా భుజించి వెడలిపోయిరి. ఇల్లాలు తంజమాంబ విస్తరి తీసివేసి, ఆ చోటు శుద్ధి చేసి, స్నానమాడి, భర్తకై మరల వంట చేసినది. రామానుజులు వచ్చి చూచి మిగుల ఖిన్నులైరి. ఆ యిల్లాలి పక్షమున మాటాడినవారు సంప్రదాయ గ్రంథములలో లేరు. ఆమె తనకు నేర్పిన ఆచారమునే పాటించినది. ఆ ఆచారమే భర్తకు అడ్డుగోడగా తోచినది. ఇచట వింత యేమనగా, దాస్యమును కోరిన ఇద్దరిలో ఒకరు తన ఉచ్ఛిష్టమునకు అంత గౌరవము కూడదని పారిపోయిరి. రెండవవారు ఆ గౌరవము నిచ్చుటకై వెంటపడిరి. వినయము ఒకరు మరియొకరిని గెలుచు పోటీ వంటిది కాదని రామానుజులు అప్పుడే గ్రహించి యుందురు.

పదునెనిమిది పయనములు

శ్రీరంగమున వైష్ణవ సంప్రదాయమునకు పెద్దయైన యామునాచార్యులు రామానుజులను చేర్చుకొనవలెనని మహాపూర్ణులను పంపిరి. రామానుజులు కావేరితీరము చేరునప్పటికి యామునులు దేహము చాలించి యుండిరి. ముడిచి యుండిన మూడు వ్రేళ్ళను చూచి, బ్రహ్మసూత్రములకు భాష్యము వ్రాయుట మొదలుగా మూడు ప్రతిజ్ఞలను రామానుజులు పలుకగా ఒక్కొక్క వ్రేలు చాచుకొన్నదని కథ. పిదప మధురాంతకమున మహాపూర్ణులే వారికి పంచసంస్కారములు జరిపిరి. గురుదంపతులు కంచిలో శిష్యుని యింటనే కొంతకాలముండగా, బావికడ నీటికడవ విషయమున తంజమాంబ గురుపత్నిని కులము పేర తక్కువ చేసి మాటాడినది. మహాపూర్ణులు ఎవరితోను చెప్పక సతీసమేతముగా శ్రీరంగమునకు వెడలిపోయిరి. రామానుజులు గృహస్థాశ్రమమును విడిచి సన్యసించిరి. వింతగా, ఒకప్పటి గురువైన యాదవప్రకాశులే వృద్ధాప్యమున వచ్చి వారికి శిష్యులై, యతిధర్మములపై గ్రంథము రచించిరి.

శ్రీరంగమున పీఠాధిపత్యము రామానుజులకు లభించినది. ఆ పదవిలో నున్నవారు మంత్రార్థమునకై తిరుక్కోష్టియూరులోని గోష్ఠీపూర్ణుల వాకిట పదునెనిమిది మారులు నిలువవలసి వచ్చినది. పోయినప్పుడెల్ల మరల రమ్మను సమాధానమే లభించెడిది. తుదకు గురువు అనుగ్రహించి, అష్టాక్షరి రహస్యార్థము నుపదేశించి, ఇది విన్నవారు పరమపదము చేరుదురనియు, అనర్హులకు వెల్లడించినవాడు నరకమున పడుననియు హెచ్చరించిరి. లోకప్రసిద్ధమైన కథ ప్రకారము, మరునాడే రామానుజులు అచటి దేవాలయ శిఖరముపైకెక్కి, కూడిన ప్రజలందరును వినునట్లు ఆ మంత్రార్థమును చాటిరి. కోపించి అడిగిన గురువునకు, ఇందరు తరింపగా తానొక్కడు నరకమునకు పోవుట తనకు ఇష్టమేయని విన్నవించిరి. గోష్ఠీపూర్ణులు వారిని కౌగిలించుకొని, స్వామియే నీవని భావము గల ఎంబెరుమానార్ అను పేరుతో పిలిచిరి.

ఈ కథలోని సారమును పాఠకులు నిదానముగా పరిశీలింపవలెను. శాస్త్రవాగ్దానము గొప్పది గనుక దాచవలెనని గురువు తలంచెను. గొప్పది గనుకనే పంచవలెనని శిష్యుడు తలంచెను. ఏ మహత్త్వము ఒకనికి మాత్రమే వాగ్దానము చేయబడినదో అది గర్వమునకు విత్తనమగును. అది అందరికిని వాగ్దానము చేయబడినదని తెలిసిన పిమ్మట ఎవడు ఎవనిని చూచి గర్వింపగలడు? ఆ వాగ్దానమును చాటినవాడు దానిలోని తన పాలు మాత్రము వదలుకొనుటకు సిద్ధపడెను. గొప్ప పేరు ఆ క్షణముననే, అదియు పరుల నోటనే, ఆయనకు వచ్చినది.

వంటయింటి వేదాంతి

రామానుజుల మేనల్లుడైన దాశరథి గొప్ప పండితుడు. అతడును రహస్యార్థములకై గోష్ఠీపూర్ణుల నాశ్రయింపగా, విద్యాగర్వము, ధనగర్వము, కులగర్వము తొలగినవానికే అవి లభించునని సమాధానము వచ్చినది. దాశరథి తిరిగివచ్చి రామానుజుల పాదములపై పడెను. అదే కాలమున మహాపూర్ణుల కుమార్తె అత్తుళాయి అత్తవారింట నీళ్ళు మోయుటకు తోడు లేక బాధపడి పుట్టింటికి వచ్చినది. స్త్రీధనముగా ఒక పనివానిని తెచ్చుకొమ్మని అత్తగారు ఎత్తిపొడిచిరట. తండ్రి ఆమెను రామానుజుల కడకు పంపగా, వారు దాశరథిని చూపి, వెంట తీసికొనిపొమ్మనిరి.

పండితుడు ఆ యింట వంటవాడయ్యెను. నీరు తోడెను, అన్నము వండెను, ఎవరును అతని పూర్వోత్తరముల నెరుగరు. ఒకనాడు ఆ యింటికి వచ్చిన వ్యాఖ్యాత ఒక శ్లోకమునకు తప్పు అర్థము చెప్పగా వంటయింటి నుండి వచ్చి అతడు సరిదిద్దెను. ఆ మాటల లోతును చూచి అందరును నివ్వెరపోయి, అతడెవ్వరో తెలిసికొని, రామానుజుల కడకు పోయి క్షమింపుమని వేడిరి. అత్తుళాయికి సేవ చేసిన పిమ్మట దాశరథికి రహస్యార్థములు లభించినవి. పాండిత్యమును మరచిపొమ్మని రామానుజులు అతనిని ఆజ్ఞాపించలేదు. పాండిత్యము ఇంకొకరి కడవ మోయుటకు అడ్డమగునేమో పరీక్షించి చూచిరి.

కొండ మీది మేనమామ

తెలుగుదేశముతో రామానుజులకు గల అనుబంధము తిరుమల వలన కలిగినది. వారి మేనమామ శ్రీశైలపూర్ణులు, అనగా తిరుమలనంబి, శ్రీనివాసుని అభిషేకమునకు దూరపు తీర్థము నుండి నీరు మోయుచు కొండపై జీవించిరి. ఆ కొండ ఆదిశేషుని దేహమను భావమున రామానుజులు దానిపై అడుగిడుటకు జంకి, మోకాళ్ళతో ప్రాకుచు ఎక్కిరని ప్రతీతి. కాలినడకన పోవు యాత్రికులకు మోకాళ్ళ పర్వతమను పేరు నేటికిని ఆ కథను గుర్తు చేయుచున్నది. వైష్ణవులు రామానుజులను ఆదిశేషుని అవతారముగా కొలుతురు. శయ్యయై, ఛత్రమై, పాదుకయై స్వామికి సర్వవిధముల సేవ చేయుటయే ఆదిశేషుని మహిమ. ఆచార్యునకు భక్తులు కట్టబెట్టిన గొప్పతనము కూడ సేవకుని గొప్పతనమే యగుట గమనింపదగినది.

రామానుజులు కొండకు వచ్చుచున్నారని తెలిసి వయోవృద్ధులైన శ్రీశైలపూర్ణులు స్వయముగా ప్రసాదము పట్టుకొని ఎదురువచ్చిరి. ఈ పనికి చిన్నవారెవరును దొరకలేదా యని రామానుజులు నొచ్చుకొని అడిగిరి. నాలుగు వీధులును వెదకి చూచితిననియు, తనకంటె చిన్నవాడు ఎచటను కనబడలేదనియు ఆ వృద్ధులు సమాధానమిచ్చిరి. వేదాంతగ్రంథములు ఎన్ని చదివినను ఈ మాటకు మించిన పాఠము దొరకుట కష్టము. పిదప ఒక సంవత్సరకాలము మేనమామ సన్నిధిని రామానుజులు శ్రీమద్రామాయణమును అర్థసహితముగా పఠించిరి.

తిరుమలలో పూదోట పెంచి స్వామికి మాలలు కట్టువారెవరని రామానుజులు శిష్యుల నడుగగా, చలికి వెరచి అందరును మౌనము వహించిరట. అనంతాళ్వారు ముందునకు వచ్చిరి. ఆయన తోటపనిలో వాడిన గడ్డపారగా చెప్పబడునది ఆలయ మహాద్వారము కడ వ్రేలాడుచుండుట యాత్రికులెరిగినదే. ఆలయములోపల రామానుజులకు భాష్యకార సన్నిధి కలదు. వేదార్థసంగ్రహమును ఈ కొండపై శ్రీనివాసుని సన్నిధినే వారు వినిపించిరని సంప్రదాయము.

ఆగిన ఘంటము

శ్రీభాష్య రచనాకాలమున జరిగినదిగా చెప్పు కథ మన ప్రశ్నకు కీలకమైనది. బోధాయనవృత్తిని పరిశీలించుటకై రామానుజులు కూరేశుని వెంట నిడుకొని కాశ్మీరము దాక పోయి వచ్చిరి. గొప్ప సంపదను విడిచి వచ్చిన కూరేశుడు అసాధారణ ధారణాశక్తి గలవాడు. రామానుజులు చెప్పుచుండగా అతడు వ్రాయవలెను. తనకు సమ్మతము గాని మాట వచ్చినప్పుడు వ్రాయుట ఆపవలెను. ఇది వారి మధ్య నియమము.

జీవాత్మ స్వరూపమును నిర్ణయించు ఘట్టము వచ్చినది. జీవుడు జ్ఞానస్వరూపుడు, తెలిసికొనువాడు అని రామానుజులు చెప్పిరి. ఇది ఆత్మ యొక్క గొప్పతనమును చాటు మాటయే. కూరేశుని ఘంటము ఆగిపోయినది. రామానుజులు మరల చెప్పిరి. ఘంటము కదలలేదు. ఆచార్యులు కోపించి, అంత తెలిసినవాడవైనచో నీవే భాష్యము వ్రాసికొమ్మని కాలితో త్రోసి వెడలిపోయిరి. కూరేశుడు కదలక అట్లే యుండెను. ఇప్పుడేమి చేయుదువని తోటివారడుగగా, సొత్తును ఏమి చేయవలెనన్నది సొత్తు గలవాని యిష్టమని చెప్పి ఊరకుండెను.

రామానుజులు ఏకాంతమున ఆలోచించిరి. జీవుడు తెలిసికొనువాడన్నది సత్యమే; కాని అతడు ఎవ్వరివాడన్న మాటను తాము విడిచిరి. భగవంతునకు శేషుడగుట జీవునకు తరువాత తగిలించిన గుణము కాదు, అదే అతని స్వరూపము. తిరిగివచ్చి శిష్యుని మన్నింపు కోరి, వాక్యమును దిద్దిరి. శిష్యుని తన్నిన గురువు కథను శిష్యపరంపరయే దాచక చెప్పుకొనుట విశేషము. వినయమును గురించిన వాక్యము వినయము తప్పిన క్షణమున ఆగినది. వినయముతోనే మరల సాగినది.

వాగ్దానమునకు అర్థము

ఇక వారి గ్రంథములు మన ప్రశ్నకు ఏమి సమాధానము చెప్పుచున్నవో చూతము. వేదార్థసంగ్రహము తుదిభాగమున రామానుజులు ఈ ఆక్షేపమును తామే ఎత్తుకొనిరి. స్వాతంత్ర్యము సుఖమని లోకమెల్ల ఎరుగును, పారతంత్ర్యము దుఃఖము, సేవ కుక్కబ్రతుకు. అట్టి యెడ దాస్యము పురుషార్థమెట్లగును అని ప్రశ్న.

తన్ను తాను ఏమని తలంచునో, ప్రాణికి సుఖమును అట్టిదే యగునని వారి సమాధానము. సింహదేహమే తాననుకొన్న జీవునకు సింహమునకు తగినదే సుఖము. మనుష్యదేహమే తాననుకొన్నవానికి మనుష్యునకు తగినదే సుఖము. స్వాతంత్ర్యమే సుఖమను భావము కూడ దేహమే ఆత్మయను భ్రమ నుండి పుట్టినది. లోకవస్తువులు ఒకనికి సుఖమును, మరియొకనికి దుఃఖమును ఇచ్చును. ఒకేవానికి నేడు సుఖమై రేపు దుఃఖమగును. స్వభావముచేతనే ఆనందమైనది బ్రహ్మము ఒక్కటే. కావున సేవింపదగనివానిని సేవించుటయే కుక్కబ్రతుకు. ఎల్లరును సేవింపదగినవానిని సేవించుట ఆత్మకు తన యింటికి చేరుట వంటిది. శేషుడనగా బానిస కాడు. పరునకు అతిశయము కలిగించుటయందే తన ఉనికికి సార్థకత గలవాడు శేషుడని వారి నిర్వచనము.

శ్రీభాష్యము చివరి పాదమున ఈ విచారము మరింత సూక్ష్మమైనది. ముక్తుడు కర్మకు లోబడడనియు, అతనికి వేరొక అధిపతి లేడనియు సూత్రకారుని మతము. రామానుజులు ఈ వాగ్దానమును ఏమాత్రమును తగ్గింపలేదు. ఎనిమిది గుణములును జీవునకు సహజముగా కలవు. కర్మచే కప్పబడియుండి ముక్తియందు వెలువడును. బ్రహ్మానందమును అనుభవించుటలో ముక్తుడు భగవంతునితో సమానుడు. జగత్తును సృష్టించి పాలించు వ్యాపారమొక్కటి మాత్రము అతనిది కాదు. అనగా ఆనందమున సామ్యము కలదు, ఆధిపత్యమున లేదు. మానవులు సాధారణముగా గొప్పతనమని దేనిని కోరుదురో, ఆ ఇతరులను ఏలు అధికారమొక్కటే ముక్తునకు మినహాయింపబడినది!

గీతాభాష్యమున ఈ భావము పరాకాష్ఠ నందినది. ఏడవ అధ్యాయమున శ్రీకృష్ణభగవానుడు జ్ఞాని తనకు ఆత్మయే యని చెప్పిన సందర్భమున, తన ధారణము ఆ భక్తుని యధీనమని భగవంతుడు తలంచుచున్నాడని రామానుజులు వ్యాఖ్యానించిరి. భక్తుడు భగవంతుని విడిచి నిలువలేడు. కావున భగవంతుడును అతనిని విడిచి నిలువలేడు. భక్తుడు తన్ను గురించి దాసుడననుచున్నాడు. స్వామి అతనిని గురించి నా ఆత్మ యనుచున్నాడు. రెండును సత్యములే. ఒక మాటను పలుకవలసినవారు వేరు, రెండవ మాటను పలుకవలసినవారు వేరు. స్వామి పలుకవలసిన మాటను దాసుడు తన నోట పలికినచో అది గర్వము. స్వామి పలికిన మాటను నమ్మక తన్ను నీచునిగా తలంచినచో అది అవిశ్వాసము. శాస్త్రమున విరోధముగా కనబడినది ఎవరి నోటి మాట యేదియో ఎరుగకపోవుట వలన వచ్చినది.

నదీతీరమున పరీక్ష

సిద్ధాంతము గ్రంథమున నిలిచినంత సులభముగా జనులలో నిలువదు. ఉరైయూరు మల్లుడైన ధనుర్దాసు ఎండలో తన ప్రియురాలు హేమాంబకు గొడుగు పట్టుచు, ఆమె కన్నుల నుండి చూపు మరల్చక నడచుచుండగా రామానుజులు చూచిరి. ఇంతకు మించిన కన్నులను చూపుదునని చెప్పి శ్రీరంగనాథుని సన్నిధికి తీసికొనిపోయిరి. దంపతులిరువురును శిష్యులైరి. స్నానమునకు పోవునప్పుడు బ్రాహ్మణశిష్యుని భుజమును, స్నానానంతరము అబ్రాహ్మణుడైన ధనుర్దాసు భుజమును పట్టుకొని రామానుజులు నడచుట తక్కిన శిష్యులకు నచ్చలేదు.

ఒకరాత్రి ఆచార్యులు శిష్యుల ఆరవేసిన వస్త్రములను కొంచెముగా చింపించిరి. ఉదయమున వారందరును ఒకరినొకరు దూషించుకొనిరి. మరియొకరాత్రి నిద్రించుచున్న హేమాంబ నగలను తీసికొనిరమ్మని ఆ శిష్యులనే పంపిరి. మెలకువతో నుండిన ఆమె, ఒక ప్రక్క నగలు వారు తీసికొన్న పిదప, రెండవ ప్రక్కవి కూడ తీసికొందురుగాకయని ఒత్తిగిలినది. వారు వెరచి పారిపోయిరి. జరిగినది విన్న ధనుర్దాసు భార్యను మెచ్చుకొనలేదు. నేను ఇచ్చుచున్నానను తలంపు నీకెట్లు కలిగినదని మందలించెను. వాకిటనుండి విన్న శిష్యులు తల వంచుకొనిరి. గర్వము దాతృత్వమున సైతము దాగియుండునని వారికి తెలియజెప్పినవాడు మల్లుడు!

మహాపూర్ణులు ఇంకొక మెట్టు ముందునకు పోయిరి. అంత్యకులమున జన్మించిన మారనేరినంబి, యామునుల శిష్యుడు, మరణింపగా మహాపూర్ణులు స్వయముగా అంత్యసంస్కారములు జరిపిరి. బంధువులు వెలివేసిరి. జటాయువునకు శ్రీరాముడును, విదురునకు ధర్మరాజును సంస్కారము చేయలేదా, తాను శ్రీరామునికంటె గొప్పవాడనా, మారనేరినంబి జటాయువుకంటె తక్కువవాడా యని ఆయన సమాధానము.

సంప్రదాయము క్రిమికంఠుడని పేర్కొను చోళరాజు వైష్ణవులను హింసించినప్పుడు, కూరేశుడు గురువు కాషాయమును ధరించి రామానుజులకు బదులుగా సభకు పోయి, కన్నులు పోగొట్టుకొనెను. వెంట వెళ్ళిన మహాపూర్ణులు ఆ బాధతో దారిలోనే ప్రాణము విడిచిరి. రామానుజులు తెల్లని వస్త్రములతో హొయసలరాజ్యము చేరి, విష్ణువర్ధనుని ఆదరమున మేలుకోటలో నారాయణస్వామి ఆలయమును ఉద్ధరించిరి. అచట తోడ్పడిన అస్పృశ్యజాతివారికి తిరుక్కులత్తార్ అను గౌరవనామమును, ఏటేట కొన్ని దినములు ఆలయప్రవేశమును ఏర్పాటు చేసిరని ప్రసిద్ధి. శ్రీరంగమునకు తిరిగివచ్చిన పిదప, వరదరాజుని కన్నులు కోరుకొమ్మని కూరేశుని కంచికి పంపగా, అతడు తమ్ము రాజునకు పట్టియిచ్చినవానికి మోక్షము నిమ్మని కోరెను.

అయినను ఒక సత్యమును మరుగుపరచరాదు. శ్రీభాష్యము ప్రథమాధ్యాయమున శూద్రులకు వేదవిద్యాధికారము లేదను పూర్వాచార్యుల మతమునే రామానుజులు నిలిపిరి. గోపురముపై తెరచిన తలుపును భాష్యమున మూసియుంచిరి. మేలుకోటలో ఇచ్చినవి కొన్ని దినములు మాత్రమే. తమ కాలపు గోడలన్నిటిని ఒక్క జీవితమున ఎవరును కూల్చలేరు గాని, అందరికిని వాగ్దానమైన మహత్త్వమునకు అధికారులు కొందరేయనుట వారి జీవితమున శేషించిన చిక్కుముడి. వారి తరువాతివారు ఆ ముడి విప్పుటకు శతాబ్దములు శ్రమింపవలసి వచ్చినది.

చివరి మెట్టు

అంత్యకాలమున శిష్యులు తామేమి చేయవలెనని అడుగగా రామానుజులు ఒక సోపానమును చూపిరని చెప్పుదురు. శ్రీభాష్యమును చదివి ప్రవచనము చేయుడు. అది సాధ్యము కానిచో దివ్యప్రబంధమును అభ్యసింపుడు. అదియు కానిచో ఆలయమున వంట, దీపము, పూలమాల మొదలగు కైంకర్యములు చేయుడు. లేనిచో మంత్రార్థమును స్మరింపుడు. లేనిచో మేలుకోటలో కుటీరము కట్టుకొని నివసింపుడు. ఇవి ఏవియు చేతకానివాడు నిరహంకారుడైన ఒక భక్తుని చేరి, వీడు నావాడని ఆయనచే అనిపించుకొనిన చాలును. మహాపండితుని పీఠము నుండి మొదలైన ఆ సోపానము క్రిందికి దిగిదిగి, ఎవనికైనను అందు మెట్టు వద్ద ఆగినది. ఫలము మాత్రము అన్ని మెట్లయందును ఒక్కటే.

వారి దేహము శ్రీరంగాలయ ప్రాకారమున ఆసీనరూపముననే నిలిచియున్నదని భక్తుల విశ్వాసము. వారి సహస్రాబ్ది తరువాత హైదరాబాదు సమీపమున ముచ్చింతలలో 216 అడుగుల ఎత్తున పంచలోహ విగ్రహమును నెలకొల్పి, 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిరి. దానికి సమతామూర్తి యని పేరు పెట్టిరి. క్రింది మందిరమున వారి 120 సంవత్సరముల జీవితమునకు గుర్తుగా 120 కిలోల బంగారు విగ్రహము కలదు. నీటికడవ మోసినవానికి, మోకాళ్ళపై కొండ ఎక్కినవానికి ఇంత ఎత్తైన విగ్రహమా యని కొందరికి తోపవచ్చును. వారి సిద్ధాంతము ప్రకారము ఇందు విరోధము లేదు. పొగడ్త పరుల పని, సేవ తన పని. అయితే ఆ విగ్రహమును తలయెత్తి చూచువారికి కూడ ఒక పని మిగిలియున్నది. తమ వీధిలో తమకంటె చిన్నవానిని వెదకబోయిన శ్రీశైలపూర్ణులకు ఎవ్వరును దొరకలేదన్న మాటను తలచుకొని, ఒకమారు తమ వీధిని తాము చూచుకొనుట.